మహమ్మారి కాలంలో క్యాన్సర్ రోగికి ఫోన్‌లో వైద్య సలహా: ఇంట్లోవాళ్లు పాటించవలసిన పద్ధతి

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు, క్యాన్సర్ చికిత్స మధ్యలో ఉన్నవారికి రెండు వైపుల నుంచీ ప్రమాదం వచ్చిపడింది. ఆసుపత్రికి వెళితే కోవిడ్ అంటుకుంటుందన్న భయం, వెళ్లకపోతే జబ్బు ముదురుతుందన్న భయం. పైగా మన దగ్గర క్యాన్సర్ వైద్యమంటే దూరప్రయాణం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి రావాలి, శ్రీకాకుళం పల్లెల నుంచి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి చేరాలి. బస్సులు, రైళ్లు నిలిచిపోయిన ఆ రోజుల్లో ఈ దూరాలు ఎంత మందిని ఇంటికే కట్టిపడేశాయో తర్వాత లెక్కల్లో తేలింది. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల వివరాలను పరిశీలించిన అధ్యయనం ప్రకారం, 2020 మార్చి నుంచి మే వరకు కొత్త రోగుల నమోదు అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 54 శాతం పడిపోయింది, తిరిగి చూపించుకోవడానికి వచ్చేవారు 46 శాతం తగ్గారు, పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతం తగ్గాయి.

అదే మార్చి 25న మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా విడుదలయ్యాయి. రిజిస్టర్డ్ డాక్టరు ఫోన్‌లోనో, వీడియోలోనో, రాతపూర్వక సందేశాల ద్వారానో సలహా ఇవ్వడానికి, మందులు రాయడానికి ఏ నియమాలు పాటించాలో వాటితో స్పష్టమైంది. ఏప్రిల్‌లో ఇంటినుంచే డాక్టరుతో మాట్లాడే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ఈ-సంజీవని ఓపీడీ మొదలైంది. అప్పటినుంచి ఫోన్‌లో డాక్టరును సంప్రదించడం అలవాటైంది గానీ, క్యాన్సర్ విషయంలో దాన్ని ఎలా వాడాలో చాలా ఇళ్లలో ఇప్పటికీ తెలియదు. మళ్లీ అలాంటి కాలం వస్తే, లేదా రోగి ప్రయాణం చేయలేని స్థితిలో ఉంటే, ఈ పద్ధతి తెలిసి ఉండడం అవసరం. ఇందులో అన్నిటికంటె ముందు చేయవలసిన పని, ఎదురైన సమస్య ఫోన్‌లో తేలేదా, తేలనిదా అని విడదీసి చూసుకోవడం. ఫోన్ వల్ల అనవసర ప్రయాణం తప్పితే మేలే. వెళ్లవలసిన ప్రయాణం ఆలస్యమైతే మాత్రం అదే ఫోన్ హాని చేస్తుంది.

ఫోన్‌లో తేలేవి, తేలనివి

చికిత్స పూర్తయి, మూడు నెలలకో ఆరు నెలలకో చూపించుకునే దశలో ఉండి, కొత్త బాధలేవీ లేనివారు ఒక విడత ఫోన్‌లో మాట్లాడి సరిపెట్టుకోవచ్చు. రొమ్ము క్యాన్సర్ తర్వాత టామోక్సిఫెన్, లెట్రోజోల్ వంటి మాత్రలు ఏళ్ల తరబడి వేసుకునేవారికి, ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఇమాటినిబ్ వాడేవారికి కూడా ఇది బాగా పనికొస్తుంది. దగ్గరి ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించి ఆ రిపోర్టు పంపితే, డాక్టరు చూసి మందు కొనసాగించమనో మార్చమనో చెప్పగలరు. తర్వాతి కీమో సైకిల్‌కు, అంటే మందు ఎక్కించే విడతకు, రెండు రోజుల ముందు కౌంట్స్ (రక్తకణాల లెక్క) చేయించి పంపడం మరీ ఉపయోగకరం. కణాల సంఖ్య తక్కువగా ఉందని తేలితే ఒక వారం ఆగమని చెబుతారు, రోగికి రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల వృథా ప్రయాణం తప్పుతుంది. వాంతులు, విరేచనాలు, నోటి పూత, ఆకలి మందగించడం, అరచేతులు అరికాళ్లు ఎర్రబడి మండడం వంటి మందుల ప్రభావాలను కూడా చాలావరకు ఇంటినుంచే సరిచేసుకోవచ్చు.

కొత్తగా వచ్చిన గడ్డను మాత్రం ఏ డాక్టరూ ఫోన్‌లో తేల్చలేరు. చేత్తో తడిమి చూడాలి, స్కాన్ తీయాలి, ముక్క తీసి పరీక్షకు పంపాలి. మూడు వారాలు దాటినా మానని నోటి పుండు కూడా అంతే. గుట్కా, ఖైనీ నమిలేవారికి, చుట్ట తాగేవారికి, అందులోనూ చుట్టను తిరగేసి నిప్పు నోటి లోపల ఉండేలా అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే తెల్ల మచ్చనో పుండునో ఫోటో తీసి పంపి, పూత మందు రాయించుకుని ఊరుకోవడం మంచిది కాదు. ఫోటో చూసిన డాక్టరు అనుమానం చెప్పగలరు తప్ప నిర్ధారణ చేయలేరు. ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం కనబడినా, మలంలో రక్తం పడుతున్నా, మింగేటప్పుడు ముద్ద అడ్డుపడుతున్నా ఫోన్‌కాల్‌ను దారి చూపించుకోవడానికి మాత్రమే వాడాలి. ఏ ఆసుపత్రికి, ఏ విభాగానికి, ఏ పరీక్షలతో వెళ్లాలో కనుక్కుని వెంటనే బయలుదేరాలి.

జనం కరెంటు పెట్టించడం అని పిలిచే రేడియేషన్ మొదలైతే దానిని మధ్యలో ఆపకూడదు. నోరు, గొంతు క్యాన్సర్లకు సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఇస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు లోపలినుంచి ఇచ్చే రేడియేషన్‌తో కలిపి మొత్తం ఎనిమిది వారాల్లో ముగించాలని చూస్తారు. మధ్యలో ఎక్కువ రోజులు ఖాళీ వస్తే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి, అప్పటిదాకా పడిన కష్టానికి ఫలితం తగ్గుతుంది. లాక్‌డౌన్ వచ్చినా, ఇంట్లో మరెవరికో కోవిడ్ వచ్చినా, తమంత తాము మానేయకుండా ఆ రోజే రేడియేషన్ విభాగానికి ఫోన్ చేసి చెప్పాలి. తప్పిన రోజులను ఎలా సరిదిద్దాలో లెక్కవేయడం వారి పని, ఆ కబురు సకాలంలో అందించడం మన పని.

కీమో తర్వాత జ్వరం

ఇది మిగతా అన్ని విషయాలకంటె ముఖ్యం కాబట్టి వివరంగా చెప్పుకోవాలి. కీమో ఎక్కించిన తర్వాత, చాలా మందుల విషయంలో, 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు అడుగంటుతాయి. ఆ రోజుల్లో వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు. రోగనిరోధక శక్తి లేని ఒంట్లో చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లోనే రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. చీము పట్టడానికి, కళ్లె పడటానికి కావలసిన తెల్లకణాలే ఉండవు గనుక, బయటికి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. ఒక్క జ్వరమే చివరిదాకా మిగిలే ఆధారం.

అందుకని కీమో తీసుకుంటున్న ప్రతి ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ తప్పక ఉండాలి. నుదుటిమీద చెయ్యిపెట్టి చూసి ఒళ్లు వెచ్చగా ఉందని చెబితే సరిపోదు. వేడి నీళ్లో కాఫీయో తాగిన వెంటనే కాకుండా పావుగంట ఆగి నాలుక కింద పెట్టి చూడాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే, అర్ధరాత్రి అయినా సరే, ఆసుపత్రి ఇచ్చిన అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి. వాళ్లు ఎత్తకపోతే రెండోసారి ప్రయత్నిస్తూ కూర్చోకుండా బయలుదేరాలి. వాహనం దొరకకపోతే 108కి చేయాలి. జ్వరం చూడకుండా ముందే పారాసెటమాల్ వేయకూడదు. అది వేడిని తగ్గిస్తుందే గాని ఇన్‌ఫెక్షన్‌ను తగ్గించదు, పైగా డాక్టరుకు కనబడవలసిన ఒకే ఒక గుర్తును దాచేస్తుంది. వణుకు పుట్టించే చలి వస్తే, థర్మామీటర్‌లో అంకె తక్కువగా ఉన్నా, జ్వరంగానే లెక్కవేయాలి.

మహమ్మారి కాలంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. జ్వరం అనగానే ఆసుపత్రి గేటు దగ్గర కోవిడ్ వరుసలో నిలబెడతారు. ఆ వరుసలో రెండు మూడు గంటలు గడిచిపోవచ్చు. ఈ రోగికి ఆసుపత్రి చేరిన గంటలోపే మొదటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడాలని వైద్యులు చూస్తారు. అందుకే ఇంటినుంచి బయలుదేరే ముందే క్యాన్సర్ విభాగానికి ఫోన్ చేసి వస్తున్నట్టు చెప్పి ఉంచాలి. గేటు దగ్గర మొదటి మాటగా “కీమో అయి తొమ్మిది రోజులైంది, జ్వరం నూటొకటి ఉంది, కౌంట్స్ పడిపోయి ఉండవచ్చు” అని చెప్పాలి. కీమో వివరాలు రాసిన ఆసుపత్రి పుస్తకాన్ని చేతిలో పట్టుకుని చూపించాలి. కోవిడ్ పరీక్ష చేయనివ్వండి, అది అవసరమే. కానీ దాని ఫలితం వచ్చేదాకా యాంటీబయాటిక్ ఆపవద్దని మర్యాదగా, గట్టిగా అడగడానికి వెనకాడకూడదు.

జ్వరం ఒక్కటే కాదు, మరికొన్ని లక్షణాలకు కూడా ఫోన్ అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకూడదు. వెన్నునొప్పితో పాటు కాళ్లు బలహీనపడటం, మూత్రం రాకుండా బిగుసుకుపోవడం కనిపిస్తే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. గంటలు గడిచే కొద్దీ నడక తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది. ముఖం, మెడ వాచి ఊపిరాడకపోవడం, ఆగని రక్తస్రావం, ఫిట్స్, మనిషి తికమకగా మాట్లాడటం కూడా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసినవే. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరులో 94 కంటె తక్కువ చూపిస్తే వేళ్లు చల్లగా లేకుండా రుద్ది, గోళ్లరంగు తుడిచి, మరో వేలికి పెట్టి చూడాలి. అప్పటికీ తక్కువే ఉంటే ఇక ఆలస్యం చేయకూడదు.

కాగితాలు సిద్ధం చేసుకోవడం

ఫోన్‌లో డాక్టరు ఇచ్చే సలహా ఎంత బాగుంటుందన్నది ఎక్కువగా మనం పంపే కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆయనే ఫైలు తిరగేసి కావలసింది వెతుక్కుంటారు. ఫోన్‌లో ఆ వీలు లేదు. నలభై ఫోటోలు వరుస తప్పి, కొన్ని తలకిందులుగా, కొన్ని మసకగా వచ్చి పడితే ఎంత ఓపికగల డాక్టరైనా వాటిలో అసలు విషయం పట్టుకోలేరు.

ముందుగా ఉండవలసింది బయాప్సీ (ముక్క తీసి చేసిన పరీక్ష) రిపోర్టు. రొమ్ము క్యాన్సర్ అయితే దాంతో పాటు, ఏ రకం మందులు పనిచేస్తాయో తెలిపే ఈఆర్, పీఆర్, హెర్‌టూ పరీక్షల ఫలితాలున్న కాగితం. తర్వాత ఆపరేషన్ జరిగి ఉంటే డిశ్చార్జి సమ్మరీ, ఆ తర్వాత వచ్చిన రిపోర్టు. అటుపైన కీమో చార్టు, అంటే ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీన ఇచ్చారో రాసిన పేజీ. ఆఖరున తాజా రక్తపరీక్ష, స్కాన్ రిపోర్టు. వీటిని పగటి వెలుతురులో, నీడ పడకుండా, బల్లమీద పరిచి నిటారుగా పైనుంచి ఫోటో తీసి, తేదీల వరుసలో ఒకే పీడీఎఫ్‌గా చేసి పంపాలి. ఊళ్లో మీసేవ కేంద్రమో జిరాక్స్ దుకాణమో ఉంటే స్కాన్ చేయించుకోవడం ఇంకా మేలు. సీటీ, ఎంఆర్ఐ ఫిల్ములను ఫోటో తీసి పంపితే పెద్దగా ప్రయోజనం ఉండదు. డాక్టరుకు బొమ్మలే కావాలంటే స్కానింగ్ సెంటరు ఇచ్చిన సీడీయో, వాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో చూసే లింకో అడిగి తీసుకోవాలి.

వీటన్నిటికీ ముందు ఒక తెల్లకాగితం మీద రోగి వయసు, ఎత్తు, ఈ వారం బరువు, జబ్బు పేరు, ఇప్పటిదాకా జరిగిన చికిత్స, షుగరు, బీపీ, గుండె జబ్బులు ఉన్నాయా, ఏ మందు పడదు, ప్రస్తుతం వేసుకుంటున్న మాత్రలన్నీ రాసి పెట్టాలి. బరువు రాయడం మరిచిపోవద్దు. కీమో మోతాదు ఎత్తు, బరువులను బట్టి లెక్కకడతారు. నెలలో నాలుగైదు కిలోలు తగ్గిన మనిషికి పాత లెక్కతోనే మందు ఇవ్వకూడదు. ఆకుపసరు, నాటు మందు, పొడులు ఏవైనా వాడుతుంటే అవి కూడా దాచకుండా రాయాలి. కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని కీమో మందుకు అడ్డుతగులుతాయి.

కాల్‌లో మాట్లాడే తీరు

మాటలు మొదలుపెట్టగానే పాత కథంతా చెప్పుకొస్తే ఉన్న పది నిమిషాలూ దానికే సరిపోతాయి. “నమస్కారమండీ డాక్టరు గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. ఎడమ రొమ్ము క్యాన్సర్. మూడో కీమో అయి ఎనిమిది రోజులైంది. జ్వరం లేదు. నిన్నటినుంచి ఆరుసార్లు నీళ్ల విరేచనాలయ్యాయి, మూత్రం తక్కువగా వస్తోంది” అని చెబితే డాక్టరు అడగవలసిన తర్వాతి ప్రశ్న వెంటనే అడగగలరు. ఎన్నిసార్లు, ఎంత, ఎప్పటినుంచి అనేవి అంకెల్లో చెప్పాలి. “కాస్త ఎక్కువగానే” అన్న మాటతో డాక్టరు నిర్ణయం తీసుకోలేరు. నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు రోగిచేతే చెప్పించాలి.

వీడియో కాల్ అయితే రోగిని కిటికీకి ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టాలి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా గోడకో డబ్బాకో ఆనించి పెట్టాలి. నోటి లోపల చూపించవలసి వస్తే వీడియోలో అది సరిగా కనబడదు. కాల్‌కు ముందే ఒకరు టార్చి వేసి పట్టుకుంటే, ఇంకొకరు చెంచా వెనకభాగంతో నాలుకను మెల్లగా పక్కకు జరిపి, ఫోన్‌ను అడుగు దూరంలో ఉంచి ఫోటో తీయాలి. కట్టు విప్పిన గాయానికి గానీ, ఆపరేషన్ చోటునుంచి ద్రవం బయటికి పోయేందుకు పెట్టిన డ్రెయిన్ గొట్టం చుట్టూ ఉన్న చర్మానికి గానీ, కడుపుమీద సంచీ పెట్టిన చోటుకు గానీ ఒక ఫోటో దగ్గరినుంచి, ఒకటి దూరంనుంచి తీసి పంపితే గాయం ఎక్కడుందో, ఎంత ఉందో అర్థమవుతుంది. డ్రెయిన్‌లో రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో తేదీవారీగా రాసిన చీటీ కూడా జత చేయాలి.

మన ఇళ్లలో ఉండే ఒక సున్నితమైన సంగతిని ఇక్కడ చెప్పక తప్పదు. పెద్దవాళ్లకు జబ్బు పేరు చెప్పకుండా కొడుకులు, కూతుళ్లే డాక్టరుతో మాట్లాడడం మనకు మామూలు. ఆసుపత్రిలో అయితే రోగిని బయట కూర్చోబెట్టి లోపల మాట్లాడవచ్చు. ఒకే గదిలో స్పీకర్ పెట్టిన ఫోన్‌లో అది కుదరదు. నెట్ సరిగా లేక గట్టిగా పలికిన ఒక్క మాటతో రోగి తన పరిస్థితి వినాల్సి రావడం చాలా బాధాకరం. రోగికి ఎంతవరకు తెలుసో కాల్‌కు ముందే డాక్టరుకు ఒక సందేశం పంపాలి. అయితే నా అభిప్రాయం ఏమిటంటే, ఎవరూ లోపలికి రాలేని మహమ్మారి కాలంలో రోగి ఒక్కరే వార్డులో పడుకోవలసి రావచ్చు, తన జబ్బు గురించి తానే నర్సుకు చెప్పుకోవలసి రావచ్చు. ఆ మేరకైనా జబ్బు సంగతి తెలిసి ఉండటం రోగికే రక్షణ. డాక్టరుతో కాసేపు రోగిని ఒంటరిగా మాట్లాడనివ్వడం కూడా మంచిదే. కోడలి ముందు చెప్పలేని మూత్ర సమస్యను, కొడుకు ముందు చెప్పలేని భయాన్ని అప్పుడే చెప్పుకుంటారు.

కాల్ ముగిసేలోగా డాక్టరు చెప్పినదాన్ని తిరిగి చదివి వినిపించాలి. ఏ మాత్ర, ఎన్ని, తిండికి ముందా తర్వాతా, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి, ఏ లక్షణం కనబడితే ఆగకుండా రావాలి. ఈ చివరి ప్రశ్నకు జవాబు రాకుండా ఫోన్ పెట్టేయకూడదు. నెట్ మాటిమాటికీ తెగిపోతుంటే వీడియో మానేసి మామూలు ఫోన్‌కాల్‌కు మారడమే మేలు.

మందుల చీటీ, నియమాలు

ఫోన్ ద్వారా రాసిన మందుల చీటీలో డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, తేదీ ఉండాలి. వాటితో ఉన్న ఫోటోనో పీడీఎఫ్‌నో మెడికల్ షాపులో చూపించవచ్చు. అదే జబ్బుకు అదే డాక్టరు ఆరు నెలల లోపు నేరుగా చూసి ఉంటే దాన్ని తిరిగి చూపించుకోవడంగా లెక్కిస్తారు, మందులు కొనసాగించడం సులభమవుతుంది. అంతకు మించి గడిచిపోయినా, డాక్టరు మారినా మొదటిసారి చూపించుకున్నట్టే లెక్క. అప్పుడు వీడియో తప్పనిసరి కావచ్చు. పిల్లల విషయంలో పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండాలి. ఆసుపత్రి నంబరును ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకోకుండా పాత ఓపీ చీటీమీదున్న నంబరుకే చేయాలి. ముందే డబ్బు పంపమనే నకిలీ నంబర్లు లాక్‌డౌన్ రోజుల్లో చాలామందిని మోసం చేశాయి.

క్యాన్సర్ ఇళ్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టే నియమం ఇంకొకటుంది. మత్తుపదార్థాల చట్టం కిందికి వచ్చే మందులను ఫోన్ ద్వారా రాయడం నిషేధం. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్రలు, చర్మానికి అంటించే ఫెంటానిల్ ప్యాచ్, 2018 నుంచి ట్రమడాల్ కూడా ఆ చట్టం కిందే ఉన్నాయి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి ఎంత దయగల డాక్టరైనా వాట్సాప్‌లో మార్ఫిన్ రాసి పంపలేరు, పంపినా షాపులో ఇవ్వరు. మార్ఫిన్ గుర్తింపు పొందిన వైద్యసంస్థల్లోనే దొరుకుతుంది. కాబట్టి మాత్రలు అయిపోయాక ఫోన్ చేయడం కాదు, ఇంకా పది రోజులకు సరిపడా ఉండగానే ఆ ఆసుపత్రిలో నొప్పి, బాధలు తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగానికి ఫోన్ చేసి, రోగి రాలేకపోతే ఇంట్లోవాళ్లు ఏ కాగితాలతో వచ్చి తీసుకువెళ్లాలో కనుక్కోవాలి. పాత చీటీ, రోగి గుర్తింపు కార్డు, వెళ్లేవారి గుర్తింపు కార్డు సిద్ధంగా పెట్టుకోవాలి. లాక్‌డౌన్ ఉంటే ప్రయాణ అనుమతికి ఆసుపత్రి అపాయింట్‌మెంటు సందేశాన్ని ఫోన్‌లో దాచుకోవాలి.

మార్ఫిన్ దొరకడం తప్ప మిగతాదంతా, అంటే మాత్ర ఎన్ని గంటలకోసారి వేయాలి, మధ్యలో నొప్పి లేస్తే ఏం చేయాలి, మలబద్ధకానికి రోజూ ఏ మందు వాడాలి అన్నవన్నీ, ఫోన్‌లోనే అడిగి సరిచేసుకోవచ్చు. అందుకోసం నొప్పి ఎప్పుడు లేచింది, పదికి ఎంత ఉంది, మాత్ర వేసిన ఎంతసేపటికి తగ్గింది, ఆ రోజు విరేచనమైందా అన్నది మంచం పక్కన ఒక నోటుపుస్తకంలో రాస్తూ ఉండాలి. రాత్రి మాత్ర నొప్పిని తెల్లవారేదాకా ఆపలేకపోతోందని ఆ పుస్తకంలో వరుసగా రెండు రోజులు కనబడితే, మూడో రాత్రి దాకా ఆగకుండా ఆ పగలే డాక్టరుకు ఫోన్ చేసి మోతాదు మార్పించుకోవాలి.